సర్కారు గోలీలు, మన తాళం

ఆలూర్, ఆర్మూర్ పక్కన
1987, మే నెల

నీలీ,

గిది నేనే రాస్తున్ననే, లసుమక్కను. ఎవ్వలతోటి రాపియ్యలే. రాత్రిబడిల నేర్సిన అక్షరాలు, గీత మీద నిలవడ్తలేవు. నవ్వకు. నువ్వు ఏడో తరగతి సదువుకున్నదానివి, సరిజేసుకుంట సదువుకో.

మీరు పోచంపాడు పోయి ఎండకాలం సగం గడిచింది. మరిది చిన్నన్నకు కాలువ మీద పని దొరికింది, మంచిదే. కని నువ్వు పోయేటప్పుడు నాకు మొకం జూపియ్యలే. బండి కదిలినంక నేను వాకిట్లకు ఉరికొచ్చిన. నువ్వు మూట ఒళ్లె వెట్టుకొని తలకాయ వంచుకొని కూసున్నవ్. పిలిచిన. నీకు ఇనవడలేదో, ఇననట్టు జేసినవో.

తిట్టెతందుకు రాస్తలేను. ఇంటి సంగతి జెప్పెతందుకే. మన రెండిండ్ల నడుమ ఒక్కటే గోడ గద. నీ తలుపుకు తాళం, ఆ తలుపు ఎనక ఊరోళ్లకు పంచుమని సర్కారోళ్లు నీకిచ్చిన జ్వరం గోలీల డబ్బా. నువ్వు లేవని ఊరందరికి ఎరుకే. అయినా వస్తరు. కాళ్లకు అలవాటై వస్తరు. మొన్న ఆశమ్మ తలనొప్పని వచ్చింది. తాళం జూసి, "నీలవ్వ ఇంక రాలేదానే" అని నన్నడిగి, నీ గడప మీదనే కూసొని, కొంగుతోటి తల గట్టిగ కట్టుకొని ఎల్లిపోయింది. గోలి మింగినంత నిమ్మలంగ పోయింది. గడపకు గూడ గుణం ఉన్నదేమో.

నాకు ఆ తాళం జూస్తె ఏమైతదో నీకు జెప్పనవసరం లేదు. మాఘమాసంల మీరందరు పసుపు ఉడకవెట్ట చేన్లకు పోయిన్రు. ఎడ్లు, బండి, మొగోళ్లు అందరు ఆడనే. నా బిడ్డ గంగమణికి చలిజ్వరం వచ్చింది. దాన్ని సంకలేసుకొని నీ తలుపు కాడికి వస్తె తాళం. కబురు పంపిన. కడాయి కింద మంట వెట్టిన చెయ్యి, కడాయి దించెదాక చేను దాటొద్దు, దాటితె పసుపుకు రంగు రాదు, గది మన అత్త మాట. మంట వెట్టింది నువ్వు. పొద్దుగాల వస్త అన్నవ్. పొద్దుగాల నేను అడుక్కున్న పరాయి బండిల ఉన్న. ఆర్మూర్ గుట్టలు కనవడ్తున్నయ్. దవాఖాన ఇంక జరంత దూరం. నా ఒళ్లె అది అప్పటికే చల్లగైంది.

నర్సమ్మ వచ్చి జెప్పింది. డబ్బా ఎవ్వల పేరు మీదున్నదో ఆ మనిషి ఊర్లె లేకుంటె డబ్బా వాపసు తీసుకపోతరట. నువ్వు రా నీలీ. తలుపు తెరువు. గంతకన్న ఎక్కువ అడ్గను.

మీ లసుమక్క


పోచంపాడ్
జూన్ నెల

అక్కకు దండాలు.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు మంచిగనే ఉన్నయ్, ఫికర్ జెయ్యకు. మేము బాగున్నం. ఈడ డ్యామ్ కాడ గాలి మస్తు. చేపలు అగ్గువ. మీ మరిదికి పని కుదిరింది, కాలువ ఎంబడి సైకిల్ మీద తిరుగుతడు. పక్కింటామె నా పేరు వెట్టి పిలువది, "ఆలూరామె" అంటది. అది కూడ మంచిదే అన్పిస్తది నాకు.

మన ఊరి ఎల్లయ్య మామ చేపలకని ఈడికొచ్చిండు. ఆయన చేతుల తాళంచెవి పంపిస్తున్న. తలుపు తీసి డబ్బా నర్సమ్మకు అప్పజెప్పు. నువ్వు మటుకు దాన్ని తెరువకు.

నేను రాలేనక్కా. ఎందుకు అని అడుగకు. ఈడ మస్తు పనున్నది.

బావకు, అత్తకు దండాలు చెప్పు.

నీలవ్వ


ఆలూర్
ఆగస్టు

నీలీ,

తాళంచెవి ముట్టింది. డబ్బా అప్పజెప్పలే. అప్పజెప్పను గూడ.

తలుపు తెరిస్తె లోపట మూసిన ఇంటి వాసన. పసుపు కొమ్ములు కుప్పవోసిన కాడనే ఉన్నయ్. డబ్బా మీద దుమ్ము వట్టింది. నువ్వు తెరువకు అన్నవ్. నేను తెరిసిన. నా బిడ్డకు దొరకని గోలి ఎట్లుంటదో చూడాలన్పించింది. తెల్లగ అంగీ గుండీ అంతున్నది. గంతే. గింత దానికోసమా అని చేతుల వెట్టుకొని మస్తుసేపు కూసున్న.

సర్కారోళ్లు ఊరికి గోలీలిచ్చిన్రు నీలీ. పైసలడుగలే, కులమడుగలే, భూమి ఎంతున్నదని అడుగలే. ఉత్తగనే ఇచ్చిన్రు. తాళం మటుకు మనమే ఏసుకున్నం. నేను గూడ ఆ నాడు రాయి వట్టుకొని ఆ తాళం పలుగగొట్టకపోతిని. సర్కారు సొమ్ము అని భయమైంది. నా బిడ్డ కన్న సర్కారు తాళానికి ఎక్కువ ఇజ్జత్ ఇచ్చిన.

ఇప్పుడు వానలు. ఇంటింటికి జ్వరం. నీ తలుపు తెరిసున్నదని జూసి జనాలు వచ్చిన్రు. నేను లేదని ఎట్ల అంటనే? తెల్లగోలి ఇచ్చిన. ఆశమ్మకు తెల్లారెవరకు తగ్గింది. అప్పటిసంది నన్ను డాక్టరమ్మ అంటున్నది, ఎక్కిరిస్తున్నదో నిజంగనే అంటున్నదో తెలుస్తలేదు.

అత్త ఏమంటదో ఎరుకేనా? "సర్కారు గోలి సుద్దముక్కనే. జ్వరం దిగాలంటె సూది గుచ్చాలె" అని అందరి ముంగట అంటది. అందరు పోయినంక నా పక్కకు జరిగి, "ఆ ఎర్రగోలి ఒక్కటియ్యే లసుమీ, మింగితె నాలుక పండుతది" అంటది.

"అది రక్తం తక్కువున్న బాలింతలకత్తా" అన్న.

"ఐదుగురిని కన్న. ఒక్కనాడు ఒక్క గోలియ్యలే ఏ సర్కారు. నాకు బాకీ ఉన్నది, తియ్యి" అన్నది.

నవ్వొచ్చింది నీలీ. గంగమణి పోయినంక గదే మొదటి నవ్వు. నవ్వినంక ఎవ్వలన్న జూసిన్రా అని ఇటు అటు జూసిన.

ఏ గోలి దేనికో రాసి పంపు. నేను అందాజాగ ఇస్తున్న.

ఇంకొక సంగతి. నా బిడ్డ నా కలల్లకు వస్తలేదు. దినాల నాడు పిండి వరిసి, దాని అడుగు వడ్తదేమో అని జూసిన్రు గద. అప్పుడు పడలే. నేను ఇప్పటికీ పండుకునేముందు గడపల పసుపు దుమ్ము జల్లుతున్న. పొద్దుగాల లేచి జూస్తె కోడి అడుగులు. ఒకనాడు పిల్లివి. దానివి లేవు. ఆయన జూసి, "ఇగ సాలు గదనే" అంటడు, మళ్ల ఆయననే వంగి జూస్తడు. తల్లి కాడికి రాని పిల్ల ఏడికి పోతదే?

లసుమక్క


పోచంపాడ్
సెప్టెంబర్

అక్కా,

నీ కాళ్లు మొక్కుత, అందాజాగ ఇయ్యకు. అది ఆట గాదు. ఈడ రాస్తున్నది సదువుకొని గోడకు అంటువెట్టు.

తెల్లగ పెద్దగున్నది ఉత్త జ్వరానికి, ఒళ్లు నొప్పులకు. పెద్దోళ్లకు ఒకటి, ఎదిగిన పిల్లలకు సగం. చంటిపిల్లలకు ఇయ్యనే ఇయ్యకు, నర్సమ్మ కాడికి తోలు. సీసల ఉన్న చేదుగోలి చలిజ్వరానిది. దాన్ని నీ అంతట నువ్వు ముట్టకు. నర్సమ్మ వేలికి గుచ్చి నెత్తురు చుక్క తీసుకోవాలె, ఆమె ఎన్ని అంటె అన్నే. పొట్లంల పొడి నీళ్ల విరేచనాలకు. కాచి చల్లార్చిన నీళ్లల్ల కలిపి జర జర తాపుకుంట ఉండాలె. కడుపు ఎండగట్టాలె, నీళ్లు ఇయ్యొద్దు అని అత్త అంటది. ఇనకు. ఎర్రది రక్తం లేనోళ్లకు. అత్తకు ఒకటిస్తె ఏం గాదు, కని రోజు అడిగితె ఇయ్యకు. తారీకు దాటినయ్ పారెయ్యి. డబ్బా పిల్లలకు అందకుంట అటకమీద వెట్టు.

ఈడికి ఆపుదామనుకున్న. కలం వట్టుకొని కూసున్న. నువ్వు పసుపు జల్లుతున్న అని రాసినవ్, అది సదివినంక నీ కాడ దాసిపెట్టుడు పాపం అన్పిస్తుంది.

గంగమణి నా కాడికి వస్తదక్కా.

కలల గాదు. పల్లెం ముందట కూసుంటె వస్తది. నాకు ఎదురుంగ, పీట లేకున్నా పీట మీద కూసున్నట్టు కూసుంటది. ఏమడుగది. ఏడువది. నా చేతుల దిక్కు జూస్తది. నేను ముద్ద ఎత్తితె ముద్ద దిక్కు గాదు, చెయ్యి దిక్కే జూస్తది. మీ మరిదికి కనవడది. ఆయన పక్కన కూసొని తింటనే ఉంటడు. నేను లేచి చెయ్యి కడుక్కుంట.

ఊరు ఇడిసి వస్తె ఆడనే ఉంటదనుకున్న. బస్సు దిగిన నాడే వచ్చింది.

నీలవ్వ


ఆలూర్
దసరా ఎల్లినంక

నీలవ్వకు,

నీ ఉత్తరం సదివి సదివి మడత కాడ చినిగింది.

నా కడుపుల పుట్టిన పిల్ల నీ పల్లెం కాడికి వస్తదా? నేనీడ గడపల కోడి అడుగులు జూసుకుంట సస్తున్న, నువ్వు దాన్ని ఎదురుంగ వెట్టుకొని చెయ్యి కడుక్కుంటవా? ఇన్ని నెలలు నాకు జెప్పకుంట చేపలు అగ్గువ, గాలి మస్తు అని రాస్తవా?

ఏ లంగ ఏసుకున్నది? తల దువ్వి ఉన్నదా? ముక్కుపుల్ల ఉన్నదా? మట్టిల వెట్టెటప్పుడు తీసిన్రు దాన్ని, నేను వద్దన్నా ఇనలే. ఒళ్లు ఇంకా కాలుతున్నదా? నొసలు వట్టి జూసినవా? నీకు ఆర్మూర్ పిలిపించి నేర్పిన్రు గద, జ్వరం జూసుడు.

రాయి. ఏది దాసకు.

లసుమవ్వ


పోచంపాడ్

అక్కా,

పచ్చలంగ. ఒకదిక్కే జడ ఉన్నది, రెండోదిక్కు ఎంట్రుకలు ఇడిసి ఉన్నయ్. ముక్కుపుల్ల లేదు.

నొసలు వట్టలే. నా చెయ్యి లేస్తలేదు. కాలుతుంటె నేనేం జెయ్యాలె, చల్లగుంటె నేనేం జెయ్యాలె?

నన్ను రమ్మనకు.

నీలవ్వ


ఆలూర్
1988, జనవరి

నీలీ,

జవాబు రాసెతందుకు ఇన్ని దినాలు వట్టింది. కోపమచ్చి గాదు. నువ్వు రాసిన ఒక్క జడ నా గుండెల కూసున్నది. ఆ నాడు దానికి ఒక జడ ఏసిన. రెండోది ఏస్తుంటె పండ్లు కొరుక్కుంట వణికింది, గట్లనే ఇడిసి గొంగడి కప్పిన. తెల్లారి బండెక్కేటప్పుడు తలకు నా కొంగు చుట్టిన. మీరు వచ్చి జూసెవరకు నేను రెండోదిక్కు గూడ అల్లిన. ఆ సంగతి నేను ఎవ్వలకు జెప్పలే, దాని నాయనకు గూడ. నువ్వు అబద్ధం ఆడ్తలేవు. అది నీ కాడికే వస్తుంది.

మొన్న ఆర్మూర్ పోయిన. పోయినేటి పసుపు గట్లనే ఇంట్ల ఉండె గద, దాన్ని ముట్టెతందుకు ఎవ్వలకు మనసు రాలే. మార్కెట్ యార్డుల కుప్ప వోసిన్రు. పసుపు కొనే ప్రహ్లాద్ సేటు కొమ్ము ఇరిసి జూసి, "లసుమవ్వా, బంగారం దాసినట్టు దాసి పురుగులకు వెట్టినవ్ గదమ్మా" అన్నడు. నేను గంగమణి నాయనను ఆడ ఇడిసిపెట్టి పెద్ద దవాఖానకు నడిసిన. డబ్బా ఉత్తగైంది నీలీ. తెల్లగోలీలు ఐపోయినయ్, పొట్లాలు ఐపోయినయ్. ఎర్రవి ఉన్నయ్, అత్త కోసం.

కాళ్లనిండ పసుపే. నేను నడిసిన కాడల్ల గచ్చు మీద పచ్చటి అడుగులు వడ్డయ్. ఊడ్సెటామె మొత్తుకున్నది. కిటికి కాడ కంపౌండర్ సారు బుక్కు జూసి, "నీలవ్వ ఎవరమ్మా?" అన్నడు.

"నా తోడికోడలు సారూ, ఊర్లె లేదు."

"ఆమెకే ఇయ్యాలె. శిక్షణ ఉన్నది ఆమెకు."

"గోలీలు ఊరికి గద సారూ, నీలవ్వకు గాదు గద. జ్వరం నీలవ్వకు రాలే, ఊరికచ్చింది."

ఆయన నవ్విండు. "నువ్వు వకీలు కావల్సినదానివమ్మా" అన్నడు. చెడ్డోడు గాదు. రూలు రూలే అన్నడు. తెలువకుంట ఇస్తె గోలి గూడ ఇసమే అన్నడు. అది నిజమే గద, నువ్వు గూడ గట్లనే రాసినవ్. నేను ఆ కిటికి పట్టుకొని నిలవడ్డ. నా ఎనక లైన్ పెరిగింది.

పసుపు తవ్వకం షురువైంది. మాఘం రాంగనే అందరు చేన్లకు పోతరు. ఊర్లె ముసలోళ్లు, పిల్లలే ఉంటరు. గోలి లేదు.

అత్తతోటి జగడం వెట్టుకున్న. "ఈసారి నీలవ్వ మంట వెట్టది, చేనుకు రాదు, గడప కాడ కూసుంటది" అన్న. మీద వడ్తదనుకున్న. నోట్లె ఆకు ఊసింది. తర్వాత, "మంట నేను వెడ్త. నా చెయ్యి ఎటు దాటాలె ఇగ, కాటికే గద. దాన్ని రమ్మను" అన్నది. అని మొకం అటు తిప్పుకున్నది. ఎన్నడు ఏడ్వని ముసల్ది నీలీ.

ఊరి కోసం రా అని రాద్దామనుకున్న. ఊరి కోసమే, అబద్ధం గాదు. కని నీకు నా కడుపుల మాట జెప్త. అది నీ చేతుల దిక్కు జూస్తదన్నవ్. దానికి కావల్సింది నీ ముద్ద గాదే. ఆ చెయ్యి గోలి ఇస్తదా అని జూస్తుంది. డబ్బా ఈడున్నది. నువ్వు ఈడికొస్తె అది నీ ఎంబడి ఇంటికస్తది. నేను ఒక్కపారి జూసుకుంట. నాకు కనవడకున్నా సరే, ఈ ఇంట్ల ఉన్నదని నువ్వు చెప్తె సాలు.

నా బిడ్డను తీసుకొని రా నీలీ.

లసుమక్క


పోచంపాడ్
మార్చి

అక్కా,

ఆలూర్ నుంచి మంచిగ చేరిన. నువ్వు కట్టిచ్చిన మక్కరొట్టె బస్సుల కూడ ఎవ్వలకు పెట్టలే, నేనే తిన్న.

ఈడికొచ్చి ఇన్ని రోజులు ఎందుకు రాయలేదో జెప్త. ముందుగల నీ కాడికొచ్చిన ఆ నాటి సంగతి. నువ్వు పక్కనే ఉన్నవ్, కని నా లోపల ఏమైందో నీకు ఎరుకలేదు.

చేన్ల నుంచి పసుపు ఉడుకుతున్న వాసన వస్తుండె. ఆర్మూర్ దవాఖానల నింపుకొచ్చిన డబ్బా గడప మీద వెట్టుకొని కూసున్న, లేచి ఉరుకుదామా అన్నట్టే కూసున్న. ఆశమ్మ మనుమరాలిని ఎత్తుకొని వచ్చింది. గొంగడిల వణుకుతున్న పిల్ల. నేను కండ్లు మూసుకున్న. నువ్వు తిట్టలే. నా మణికట్టు వట్టుకొని ఆ పిల్ల నొసటి మీద వెట్టినవ్.

కాలుతుండె అక్కా. పెంక లెక్క కాలుతుండె. నాకు ఎంత సంతోషమైందో ఎవ్వలకన్న జెప్తె పిచ్చిదంటరు. పాణమున్న వేడి అది. నేను ఏడాది సంది చల్లటి నొసలు ముట్టుకోవాల్సి వస్తదని భయపడుకుంట ఉన్న. అటెన్క నా చెయ్యి దాని పని అది జేసింది. నర్సమ్మకు కబురు పంపుడు, నెత్తురు చుక్క, చేదుగోలి బెల్లంతోటి మింగిచ్చుడు, అది ఊసేస్తె మళ్ల ఇచ్చుడు. ఆ పిల్ల నన్ను బూతు తిట్టింది, యాదికున్నదా? అంత చిన్న నోట్ల అంత పెద్ద మాట. ఆశమ్మ సిగ్గువడ్డది, నువ్వు నవ్వినవ్.

ఇప్పుడు అసలు సంగతి. ఈడికొచ్చి పల్లెం ముందట కూసున్న. ఎదురుంగ ఎవ్వలు లేరు. బస్సు అలుపేమో అనుకున్న. తెల్లారి గూడ లేదు. నేను రోజు కూసుంటున్న, ముద్ద ఎత్తి ఆగి జూస్తున్న. గోడ కనవడ్తది. గంతే.

నేను తోలేసిననా అక్కా? నువ్వు తీసుకొని రా అన్నవ్. ఎంబడి తెచ్చి ఆడనే ఇడిసి వచ్చిననా? నీ కాడున్నదా? ఉన్నదని రాయి. ఒక్క మాట రాయి సాలు.

నీలవ్వ


ఆలూర్
ఉగాది ముందట

నీలీ,

ఉన్నదనే రాద్దామని కూసున్న. రాసిన గూడ. కొట్టేసిన. గీ కాయితం మీద మూలకు నల్లగ కనవడ్తున్నది గదే. ఉన్నదాన్ని రాసెతందుకే నా సదువు సరిపోతలేదు, లేనిదాన్ని ఏడ రాయాలె.

రాలే బిడ్డా. నా కాడికి రాలే.

నువ్వు ఉన్నన్ని దినాలు నేను నిన్నే జూసిన. నువ్వు అన్నం ముందట కూసుంటె నీ కండ్లు ఎటు పోతున్నయో జూసిన. ఒక్కపారన్న ఎదురుంగ జూస్తవా అని. నువ్వు ఎదురుంగ జూడలే. ఆశమ్మ మనుమరాలు వచ్చినంక నువ్వు పల్లెం ఖాళీ జేసినవ్, ఇంకింత పప్పడిగినవ్. నాకు అప్పుడే ఎరుకైంది, పోయిందని. నీకు జెప్పలే. నువ్వు బస్సెక్కినంక నీ ఇంట్లకు పోయి తలుపేసుకొని ఏడ్చిన. నిన్ను రమ్మన్నది దానికోసమేనాయె. నువ్వొచ్చినవ్, అది ఎల్లిపోయింది. నీ మీద కోపం గూడ వచ్చింది, దాసను. ఆ ఒక్క తావన్న దానికి ఉండె గద, నీ పల్లెం కాడ.

ఏడుస్తుంటనే తలుపు కొట్టిన్రు. లేద్దామన్పియ్యలే. మళ్ల కొట్టిన్రు. మూసిన తలుపు బయట నిలవడుడు ఏందో నాకెరుక నీలీ. కండ్లు తుడుసుకోకుంటనే తెరిసిన. పోతరాజుల ఎంకటి, పెండ్లానికి నీళ్ల విరేచనాలు. పొట్లం ఇచ్చి ఎట్ల కలుపాల్నో జెప్పిన. "ఎందుకేడుస్తున్నవ్ పెద్దవ్వా" అన్నడు. "కంట్ల పసుపు వడ్డది తియ్" అన్న.

ఆ తలుపుకున్న తాళం తీసి అత్త చేతికిచ్చిన. ఏం జేసిందో అడుగలే. డబ్బా నా ఇంట్ల అటకమీద ఉన్నది. నర్సమ్మ నీ పేరు కొట్టెయ్యలే. నెలకోపారి నువ్వు ఆర్మూర్ దవాఖానకొచ్చి తీసుకోవాలె, ఉత్త జ్వరాలకు నేను నువ్వు రాసినట్టే ఇయ్యాలె, చేదుగోలి ఆమెనే జూసుకుంటదట. నేను యార్డు కాడికి వస్త. ప్రహ్లాద్ సేటు దుకాణం ముంగట నిలవడు. చాయ తాగుదం. దాని గురించి మాట్లాడుదం. నాకు జెప్పరాని మాటలు నీకు ఎన్నున్నయో, నీకు జెప్పరానివి నాకు గన్నే ఉన్నయ్. ఆ పిల్లను ఎరిగినోళ్లు మనిద్దరమే మిగిలినం, మొగోళ్లు దాని పేరు ఎత్తనే ఎత్తరు.

నువ్వు తోలెయ్యలే. అట్ల అనుకోకు. అది చూడవచ్చింది జూసుకొని పోయింది కావచ్చు. కాకపోతె కాకపోనీ. నాకు తెలువది, నీకు తెలువది.

ఎండలు ముదురుతున్నయ్. మరిదిని అడిగినట్టు జెప్పు. చిక్కిపోయినవ్, నీ దండచెయ్యి పట్టుకుంటె బొక్కనే చేతికచ్చింది. పొద్దుగాల, పొద్దూకి, రెండు పూటలు కడుపునిండ తిను.

లసుమక్క